లాగుడు వేరు, మోత వేరు



అమెరికాలో పడకలు, వంటగది, స్నానపుగది గల ట్రైలరు ఇళ్లను ట్రక్కులకు తగిలించి విహారమునకు పోవుట మిక్కిలి వ్యాప్తిలో నున్నది. 2021లో అక్కడి కంపెనీలు ఇట్టి విహార వాహనములను 6 లక్షలు తయారుచేసి పంపినవి. అక్కడ స్థిరపడిన మన పిల్లలు కొందరు కూడ కొనుచున్నందున ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

గత వేసవిలో నేను టెక్సాసులోని మా అబ్బాయి వద్ద నుంటిని. నిండు బరువు 8,000 పౌన్ల ట్రైలరునకై అతడు ట్రక్కు చూచుచుండెను. "ఇది 11,000 పౌన్లు లాగును, ఇంకను 3,000 మిగులు" అని అమ్మకందారు చెప్పెను. ముప్పది యేండ్లు బిల్లులు తనిఖీ చేసిన అలవాటు చొప్పున నేను డ్రైవరు తలుపు తెరచి, లోపల అంటించిన చీటీ చదివితిని. మనుష్యులు, సామాను కలిసి 1,500 పౌన్లు మించరాదని అందున్నది.

ట్రైలరు బరువులో నూటికి 10 నుండి 15 వంతులు కొక్కెముపై పడును. దానిని ట్రక్కే మోయవలెను. ఆ లెక్కన సుమారు 1,000 పౌన్లు, తగిలింపు సామగ్రి 100, నలుగురు మనుష్యులు 500, సామాను 200. వెరసి 1,800. మిగులు మాట అటుంచి 300 లోటు తేలినది!

ప్రకటన అబద్ధము కాదు. కంపెనీల ఉమ్మడి ప్రమాణములో ట్రక్కునందు ఇద్దరే కూర్చున్నట్లు లెక్క. మన సంసారములు అంత చిన్నవి కావు.

"సామాను ట్రైలరులో వెనక్కి సర్దితే సరిపోదా నాన్నా?" అని అబ్బాయి అడిగెను. ఎద్దుబండి తోలినవారెరుగుదురు: వెనుక బరువైనచో కాడి పైకి లేచును. ట్రైలరైతే వేగములో తోకవలె ఊగి ట్రక్కునే బోర్లద్రోయగలదు.

కావున ట్రైలరు ఖాళీ బరువు చూచి మోసపోరాదు. 40 గ్యాలన్ల నీరే 330 పౌన్లు దాటును. అన్నియు నింపి కాటాపై తూచవలెను. ట్రైలరుకు దాని బ్రేకులు దానికుండవలెను. చీటీ చాలనిచో పెద్ద తరగతి ట్రక్కైన కొనవలెను, చిన్న ట్రైలరైన తీసికొనవలెను. మావాడు 5,000 పౌన్లదానితో తృప్తిపడెను.

పిల్లలు ఫోను చేసినపుడు "ఎంత లాగుతుంది?" అని కాక, "తలుపు చీటీలో ఎంత మోస్తుందని ఉంది?" అని అడుగవలసినదిగా తోటి తలిదండ్రులకు నా మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా
బరంపురం