పోయిన చేతికి లెక్క ఎవరు కడతారు?

కోతల సీజన్ వచ్చిందంటే ఖమ్మం మైదానం నుంచి భద్రాచలం అడవి అంచు దాకా దారులన్నీ కూలీలతో నిండిపోతాయి. చర్ల, దుమ్ముగూడెం వైపు నుంచి, వాగులు దాటి ఛత్తీస్‌గఢ్ పల్లెల నుంచి ముఠాలు కట్టుకుని వస్తారు. ఎన్ని కిలోల మిరప కోశారో మేస్త్రీ నోటుబుక్కులో ఉంటుంది. ఎన్ని కట్టల బీడీ ఆకు అప్పజెప్పారో కల్లేదారు పుస్తకంలో ఉంటుంది. ఎవరి కింద పని చేశారన్నది మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండదు. రెండు చేతులూ ఆడినన్నాళ్లు ఈ లోటు ఎవరికీ పట్టదు. నూర్పిడి మిషనులో చెయ్యి పడ్డ రోజున పడుతుంది.

ఆ రోజు ఏం జరుగుతుందో మనకు తెలియనిది కాదు. ట్రాక్టరు మీద వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోతారు. దారిలోనే ఒక మాట చెబుతారు: "మిషను అని చెప్పమాకు, పోలీసు కేసవుద్ది. ఇంటికాడ పడ్డానని చెప్పు." చీటీలో అదే రాస్తారు. వారం తిరిగాక పెద్దమనుషులు కూర్చుంటారు. "కోర్టులెందుకు తమ్మీ, పిల్లలున్నోడివి, ఈ పదివేలు తీసుకో" అంటారు. ఒక కాగితం మీద వేలిముద్ర పడుతుంది. మరుసటి యేడు ఆ మిషను అక్కడే తిరుగుతుంది, ఆ చెయ్యి ఉన్న మనిషి మాత్రం పనికి పిలుపు రాక అరుగు మీద కూర్చుంటాడు.

ఆ పదివేలు ఏ లెక్క ప్రకారం ఇచ్చారు? చట్టం లెక్క వేరే ఉంది. 1923లో తెల్లదొరల కాలంలోనే పరిహార చట్టం వచ్చింది. 2010 నుంచి దాన్ని ఉద్యోగుల పరిహార చట్టం అన్నారు. 2025 నవంబరు 21న సామాజిక భద్రతా కోడ్‌ను అమల్లోకి తెచ్చి, ఈ చట్టాన్ని అందులో కలిపేశారు. పేరు మారినా లెక్క కట్టే పద్ధతి మారలేదు. నెల కూలిలో 60 శాతం తీసుకుని, వయసును బట్టి పట్టికలో ఉన్న అంకెతో గుణించాలి. నెలకు 10,400 రూపాయలు సంపాదించే 40 ఏళ్ల కూలీని తీసుకుందాం. 60 శాతం అంటే 6,240. ఆ వయసుకు అంకె 184.17. గుణిస్తే 11 లక్షల 49 వేల పైచిలుకు. పూర్తిగా పనికి దూరమైన మనిషికి రావలసింది ఇది. గాయాల పట్టికలో ఒక చెయ్యి పోతే 60 శాతం అని ఉంది కనుక, ఆ లెక్కన చూసినా 6 లక్షల 89 వేలు దాటుతుంది. పదివేలకూ దీనికీ మధ్య ఉన్న సొమ్మంతా ఎవరి జేబులో మిగిలిపోయింది?

ఆ పట్టికను కూడా మనం ప్రశ్నించాలి. బొటనవేలు పోతే 30, చూపుడువేలు పోతే 14, ఒక కన్ను పోతే 40 అని రాసి పెట్టారు. ఆఫీసులో సంతకాలు పెట్టే మనిషికి ఎడమ చెయ్యి పోవడం, కొడవలి పట్టే కూలీకి పోవడం ఒకటేనా? ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు ఎప్పుడో జవాబు చెప్పింది. మనకు దూరం కాని జయపురంలో, కోరాపుట్ జిల్లాలో, 1968లో ఒక సినిమా హాలు పనిలో ఒక వడ్రంగి కిందపడి ఎడమ చెయ్యి పోగొట్టుకున్నాడు. పట్టిక ప్రకారం పాక్షిక పరిహారం చాలదా అని యజమాని వాదించాడు. ఒంటి చేత్తో వడ్రంగం సాగదు, అతనికి పోయింది నూటికి నూరు పాళ్లూ అని కమిషనరు అంటే, 1975 డిసెంబరులో సుప్రీంకోర్టు అదే ఖాయం చేసింది. వడ్రంగికి వర్తించిన న్యాయం మిరప కోసే ఆడకూలీకి, వెదురు నరికే కోయ కూలీకి ఎందుకు వర్తించదు? మనం అడగలేదు గనక!

అయితే అసలు చిక్కు అంతకు ముందే వస్తుంది. "వీడు నా కూలీ కాదు" అనే మాటతో వస్తుంది. ట్రాక్టరుతో, కరెంటు యంత్రంతో జరిగే సేద్యం చట్టం పట్టికలో ఉంది. కానీ రైతు మేస్త్రీని చూపిస్తాడు, మేస్త్రీ మిషను ఓనరును చూపిస్తాడు, ఓనరు డ్రైవరును చూపిస్తాడు. బీడీ ఆకు దగ్గర ఇంకా చిత్రం. ఎలుగుబంటి మీద పడ్డా, పాము కరిచి కాలు పోయినా, "ఆమె కూలీ కాదు, ఆకు అమ్మే సేకరణదారు" అంటారు. మంచిది! 2006 అటవీ హక్కుల చట్టం బీడీ ఆకు మీద హక్కు అడవి బిడ్డలదే అంది. ఆ హక్కు అప్పజెప్పమంటే అప్పజెప్పరు, పోనీ కూలీ అని ఒప్పుకోమంటే ఒప్పుకోరు. సొంతదారూ కాక, కూలీ కూడా కాకపోతే ఎండలో ఆకు కోసిన ఆ తల్లి ఎవరు?

ఇది ఈనాటి మోసం కాదు. 1921లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఫ్యాక్టరీ కార్మికులకున్న ప్రమాద పరిహారం వ్యవసాయ కూలీలకూ ఉండాలని 12వ ఒప్పందం చేసింది. దాని వెనుకటి 11వ ఒప్పందాన్ని మన దేశం 1923లోనే ఆమోదించింది. 12వది మాత్రం నేటికీ ఆమోదించలేదు. నూరేళ్లుగా పాలకులు మారారు, పొలంలో తెగిన చెయ్యి మాత్రం లెక్కకు రాలేదు.

పింఛను ఉంది కదా అని కొందరంటారు. వికలాంగుల పింఛను తెలంగాణలో 2023లో 4,016 రూపాయలు చేశారు, ఆంధ్రలో 2024 జూలై నుంచి 6,000 ఇస్తున్నారు. 2014లో గీసిన సరిహద్దుకు ఇవతల ఒక ధర, అవతల ఇంకో ధర! ఏ ధరైనా అది ప్రభుత్వం ఇచ్చేది, ప్రజల సొమ్ము. పని చేయించుకుని లాభం తిన్నవాడు బాకీ పడ్డది వేరు. పింఛను చూపించి ఆ బాకీ మాఫీ చేయడానికి వీల్లేదు.

కనుక సంఘం కార్యకర్తలు ఈ సీజన్‌లోనే కొన్ని పనులు పట్టుకోవాలి. ముఠా బయలుదేరే రోజునే ఎవరి చేలోకి, ఎవరి మిషను దగ్గరకు, ఎందరు పోతున్నారో పేర్లతో రాసుకోవాలి. ప్రమాదం జరిగితే ఆసుపత్రి చీటీలో పని చోటు, మిషను పేరు రాయించే దాకా పక్కన నిలబడాలి. చూసిన ఇద్దరి పేర్లు ఆ రోజే రాసుకోవాలి. కేసు వేయడానికి గడువు రెండేళ్లు. ప్రమాదం అవతలి రాష్ట్రంలో జరిగినా, కూలీ తాను కాపురముండే చోటి అధికారి దగ్గరే కేసు వేసుకోవచ్చు. నెలలోగా పరిహారం చెల్లించకపోతే వడ్డీ కట్టాలి, కారణం లేకుండా ఎగ్గొడితే సగం దాకా జరిమానా కూడా పడుతుంది. హక్కు వదులుకుంటున్నానని రాయించుకున్న కాగితం చట్టం ముందు చెల్లదు. వేలిముద్ర పడిపోయిందని ఎవరూ బెంగపడి ఊరుకోనక్కరలేదు.

పాలకులను అడగవలసినవీ ఉన్నాయి. సేద్యంలో, అడవిలో పనిచేసే ప్రతి కూలీనీ, యంత్రమున్నా లేకున్నా, పరిహారం కిందికి తేవాలి. ఆకు యూనిట్ వేలం పాడేవాడి నుంచి, నూర్పిడి మిషను ఓనరు నుంచి బీమా సొమ్ము ముందుగానే కట్టించుకోవాలి. కోసే ఆకుకు ముందే ధర కట్టగలిగినవాళ్లు, కోసే చేతికి బీమా కట్టలేరా?

మనకు మేస్త్రీ లెక్క తెలుసు, కల్లేదారు లెక్క తెలుసు. ఇక మన లెక్క మనం రాసుకుందాం. ప్రతి గూడెంలో, ప్రతి ముఠాలో ఒక పుస్తకం పెడదాం.