గోల్డెన్ త్రెషోల్డ్‌లో ఒక గది ఇవ్వండి
హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి బహిరంగ లేఖ



అబిడ్స్‌లో నాది జిరాక్సు, డీటీపీ, బైండింగ్ దుకాణం. పరీక్షల కాలం దగ్గర పడితే ఫైనల్ సెమిస్టర్ పిల్లలు ప్రాజెక్టు రిపోర్టులు పట్టుకుని వస్తారు. వాళ్లలో సూడాన్, యెమెన్, అఫ్ఘానిస్తాన్ పిల్లలూ ఉంటారు. నల్ల అట్ట మీద బంగారు అక్షరాలు పడగానే మన పిల్లలు ఫొటో తీసుకుంటారు. వీళ్లు పాస్‌పోర్టు తెరిచి పక్కన పెట్టుకుని, తమ పేరులో ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి సరిచూస్తారు. సూడాన్ పిల్లవాడి పేరు వెనక తండ్రి పేరు, తాత పేరు వరసగా వస్తాయి. మన దరఖాస్తుల్లో ఇంటిపేరుకు ఒకటే గడి. అందులో ఏది రాయాలో అతనికి పాలుపోదు. మార్కుల మెమోలో తాత పేరు రాలిపోయినా, మొహమ్మద్ అన్నచోట ఒక అక్షరం మారినా ఆ కాగితంతో ముందు ముందు తంటాలే.

పేరు సరిపోయినా పని అయిపోదు. పట్టాకు రాష్ట్రంలో ధ్రువీకరణ కావాలి, ఆపైన విదేశాంగ శాఖ ముద్ర పడాలి. హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో ఉన్న దేశాల వాళ్లకు అక్కడితో సరి. సూడాన్, యెమెన్, అఫ్ఘానిస్తాన్ అందులో లేవు. ఆ పిల్లల కాగితాలు వాళ్ల దేశపు రాయబార కార్యాలయం గడప కూడా తొక్కాలి. అందుకోసం ఢిల్లీ వెళ్లాల్సినవాళ్లలో ఏజెంటుకు డబ్బు పోయలేని వాళ్లు నాంపల్లి స్టేషన్‌లో పొద్దున్నే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతారు.

ఇంతలో వీసా గడువు తరుముకొస్తుంది. చదువు వీసా చదువుతోనే సరి, దాని మీద ఉద్యోగం చేయకూడదు. ఉద్యోగ వీసాకు మారాలంటే సాధారణంగా ఏడాదికి 16.25 లక్షల రూపాయలకు పైబడిన జీతం చూపాలి. నిన్న డిగ్రీ పూర్తయిన పిల్లలకు ఆ జీతం ఎవరిస్తారు? అమెరికాలో మన పిల్లలకు డిగ్రీ తర్వాత ఏడాది పాటు పని చేసుకునే వీలు, ఓపీటీ, ఉంది, సైన్సు, ఇంజినీరింగ్ వాళ్లకు మరో రెండేళ్లు. అదీ చాలక తెలుగు తల్లిదండ్రులు ఎంత కలవరపడుతున్నారో ఈ ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. 2023-24లో అక్కడ 3.31 లక్షల మంది భారతీయ విద్యార్థులు ఉన్నారు. మన బిడ్డల కోసం పడే బెంగలో కొంతైనా మన ఊరికి వచ్చిన బిడ్డలకు దక్కాలి కదా.

పైగా మన పిల్లలకు తిరిగి రావడానికి ఇల్లుంది. 2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబన్ల చేతికి పోయింది. 2022 డిసెంబరులో అక్కడి ఆడపిల్లలకు యూనివర్సిటీలే మూసేశారు. సూడాన్‌లో 2023 ఏప్రిల్ 15న యుద్ధం మొదలైంది. సర్టిఫికెట్లు నాలుగు సెట్లు చాలా అని అడిగితే ఒక అమ్మాయి, "ఇంకో రెండు తీయండి భయ్యా, రేపు ఏ దేశంలో ఉంటానో తెలీదు" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

వీసా చట్టం మీ చేతిలో లేదని తెలుసు. అయితే నాంపల్లి స్టేషన్ రోడ్డులోని గోల్డెన్ త్రెషోల్డ్ మీ విశ్వవిద్యాలయానిదే. మీ చదువులు మొదలైందీ ఆ ఇంట్లోనే. ఆ ఇల్లు ఎవరిదో గుర్తు చేసుకోండి. అఘోరనాథ్ చట్టోపాధ్యాయ ఎడిన్‌బరోలో డాక్టరేటు చేసి వచ్చి, తర్వాత నిజాం కళాశాలగా మారిన హైదరాబాద్ కాలేజీకి తొలి ప్రిన్సిపాల్ అయ్యారు. ఆయన కూతురు సరోజిని, అంటే తర్వాతి సరోజినీ నాయుడు, 1895లో, పదహారేళ్ల వయసులో, నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఇంగ్లండు వెళ్లింది. 1898లో డిగ్రీ లేకుండానే తిరిగొచ్చింది. అయినా ఈ ఊరు ఆమెను తలెత్తుకునేలా చూసుకుంది. ఆమె పెళ్లాడిన డాక్టర్ గోవిందరాజులు నాయుడూ విదేశంలో వైద్యం చదివినవారే. పరాయి దేశపు విద్యార్థి కష్టం విననిదేమీ కాదు ఆ ఇల్లు.

అక్కడ ఒక్క గది కేటాయించండి. శనివారం ఒక పూట చాలు. నగరంలో ఏ యూనివర్సిటీలో చదివే విదేశీ విద్యార్థి అయినా చివరి ఏడాది మొదట్లోనే అక్కడికి రావాలి. పాస్‌పోర్టులో పేరు, రికార్డుల్లో పేరు పక్కపక్కన పెట్టి చూసే మనిషి ఒకరుండాలి. ఫలితాలు ఎప్పుడొస్తాయి, వీసా ఎప్పుడు తీరుతుంది అని లెక్క చూసి, ఆలస్యం తప్పదంటే పొడిగింపుకు ఏ ఉత్తరం కావాలో వాళ్ల కాలేజీకి ముందే చెప్పాలి. ధ్రువీకరణ ఏ దేశానికి ఎలాగో ఒక కాగితం మీద రాసివ్వాలి. నాంపల్లి కోర్టుల దగ్గరి నోటరీలు, అబిడ్స్ జీపీవో అక్కడికి దగ్గరే. గచ్చిబౌలి క్యాంపస్ నుంచి ఒక ఉద్యోగిని, నలుగురు విద్యార్థి వలంటీర్లను పంపితే చాలు.

ఈ ఏడాది పరీక్షలు ముగిసేలోగా ఆ గది తెరిపించండి. అక్కడికి వచ్చే పిల్లల జిరాక్సుల ఖర్చు నేను పెట్టుకుంటాను.

ఇట్లు,
అబిడ్స్ జిరాక్సు దుకాణదారు