"బోర్డు పోయిందండీ, కొత్తది కొనుక్కోండి!"

మొన్న ఆఫీసులో భోజనాల దగ్గర మావాడొకడు వాషింగ్ మెషిన్ ఆగిపోయిందని చెప్పాడు. చెప్పాడో లేదో, నలుగురూ ఫోన్లు తీసి ఎక్స్ఛేంజ్ ఆఫర్లు చూపించడం మొదలెట్టారు. ఏం పాడైందని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. అందరం ఇంజనీర్లమే మళ్ళీ! ప్రొడక్షన్లో ఏదైనా పడిపోతే తెల్లవార్లూ కూర్చుని లాగులు చదివే బాపతు. "పాత పార్టు దొరుకుతుందేమో చూడరా" అన్న పాపానికి నన్ను పాతసామాన్ల బండివాణ్ణి చూసినట్టు చూశారు. అక్కడ మింగేసిన మాటలే ఈ టపా. కాస్త ఘాటుగా ఉంటుంది, ముందే చెప్పేస్తున్నా.

మాది విజయవాడ, సింగ్ నగర్. 2024 సెప్టెంబరు 1 అంటే ఏమిటో మావాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. (ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది కాబట్టి, బయటివాళ్ళు కృష్ణ పొంగి మేం మునిగామనుకుంటారు. మా హాల్లోకి వచ్చింది కృష్ణమ్మ కాదు, గండ్లు పడ్డ బుడమేరు.) మాది గ్రౌండ్ ఫ్లోరు. ఆరు రోజులకి నీళ్ళు లాగేశాక చూస్తే వీధి పొడుగునా ఫ్రిజ్జులు, మిక్సీలు, టీవీలు, బురద కారుతున్న పరుపులు. గ్రౌండ్ ఫ్లోరు మునిగిన ఇంటికి ప్రభుత్వం 25 వేలు, మొదటి అంతస్తుకి 10 వేలు ప్రకటించింది. ఆ పాతిక వేలతో మంచం కొనాలా, ఫ్రిజ్ కొనాలా, పిల్లల పుస్తకాలు కొనాలా? "కొత్తది కొనుక్కోండి" అనే మాట ఆ వీధిలో నిలబడి అనగలరా ఎవరైనా?

పక్కింటి పిన్నిగారిది సెమీ ఆటోమేటిక్ మెషిన్. మాది ఫుల్లీ ఆటోమేటిక్, నా మొదటి బోనస్‌తో అమ్మకి కొన్నది. రెండూ పూర్తిగా మునిగాయి. పిన్నిగారి మెషిన్లో ఉండేవి రెండు మోటార్లు, కెపాసిటర్లు, కీ ఇచ్చినట్టు తిరిగే టైమర్లు. మెకానిక్ బాబాయ్ మోటార్లు ఊడదీసి, మంచినీళ్ళతో కడిగి, ఎండలో పెట్టి, సిరీస్ బోర్డు మీద చూశాడు. అంటే వంద వాట్ల బల్బు ద్వారా కరెంటు ఇవ్వడం అన్నమాట. లోపల షార్టుంటే బల్బు భగ్గున వెలుగుతుంది, మెషిన్ తగలబడదు. ఈసీఈ చదివిన నాకు ఆ రోజు దాకా ఈ సంగతి తెలీదు, నవ్వుకోండి. కెపాసిటర్లు మార్చాడు, టైమర్ ఒకటి పాతది వేశాడు. పిన్నిగారు మూడోనాడు బురద బట్టలు ఉతుక్కున్నారు.

మాది? కంపెనీ కుర్రాడు వచ్చి, విజిట్ చార్జీ తీసుకుని, మూత ఎత్తి చూసి "బోర్డు పోయిందండీ" అన్నాడు. కొత్త బోర్డు 7,200. అదీ స్టాకు లేదు, ఎప్పుడొస్తుందో తెలీదు. "ఎక్స్ఛేంజ్ చేసుకోండి సార్, నేను లింకు పంపిస్తా." అతణ్ణి అనడానికేం లేదు, అతనికి నేర్పిందే అది. బోర్డంతా జిగురు లాంటి రెజిన్‌తో పోతపోసి ఉంటుంది. తేమ తగలకుండా పోస్తారు, నిజమే. కానీ ఆరు రోజుల బురద నీటికి కనెక్టర్ల దగ్గర ఎలాగూ పోయింది. దాని కింద పాతిక ముప్పై రూపాయల ట్రయాక్ ఒక్కటే పోయినా, తీయడానికి లేదు.

ఇప్పుడు చూడండి తమాషా. మా మెషిన్‌కి బోర్డు పోయింది, బాడీ బాగుంది. బందరు వైపు బోరు నీళ్ళు ఉప్పన, అక్కడ మెషిన్ల అడుగు తుప్పు పట్టి రాలిపోతుంది, పైనున్న బోర్డు మాత్రం నిక్షేపంగా ఉంటుంది. ఇదంతా బాబాయ్‌కి తెలుసు. గుడివాడ, ఉయ్యూరు, బందరు, తెనాలి మెకానిక్కులందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపుంది. ఎవరి దగ్గర ఏ మెషిన్ శవం ఉందో అందులో దొరుకుతుంది. ఫొటో పెట్టిన గంటలో జవాబొచ్చింది.

మొదట దగ్గర్లో దొరికిన బోర్డు పెట్టాం. అదే కంపెనీ, అవే కనెక్టర్లు, స్క్రూ బొక్కలు కూడా అవే. కాకపోతే ఆరున్నర కిలోల మోడల్‌ది, మాది ఏడు. నీళ్ళు పట్టింది, ఒక్కసారి గుర్రుమంది, ఎర్రర్ కోడు చూపించి ఆగిపోయింది. బాబాయ్ వాళ్ళకీ వీళ్ళకీ ఫోన్లు చేసి, రెండు బటన్లు కలిపి నొక్కి, ఏదో టెస్ట్ మోడులోకి వెళ్ళి గంటసేపు కుస్తీ పట్టాడు. లాభం లేదు.

"వైరింగంతా ఒకటే బాబూ. లోపల ప్రోగ్రాం తేడా. ఎక్కడ తేడానో కంపెనీవాడు చెప్పడు" అని, స్క్రూడ్రైవర్ తుడుచుకుంటూ నా వంక చూశాడు. "ఇయ్యన్నీ మీలాంటోళ్ళే రాస్తారు గదా?"

నేనేం మాట్లాడలేదు. ఎందుకంటే రాశాను.

నా మొదటి ఉద్యోగంలో ఒక ఇంటి పరికరం ప్రాజెక్టు. స్విచ్ వేయగానే డిస్‌ప్లే బోర్డు తన సీరియల్ నంబరు మెయిన్ బోర్డుకి పంపాలి. మెమరీలో ఉన్నదానితో కలవకపోతే ఎర్రర్ చూపించి ఆగిపోవాలి. రిక్వైర్‌మెంట్లలో 'భద్రత' అనే హెడ్డింగు కింద ఉంది. నలభై లైన్లు కూడా లేదు, సాయంత్రం టీ లోపల అయిపోయింది. రివ్యూలో వేరియబుల్ పేరు ఒకటి మార్చమన్నారంతే. ఆ డిస్‌ప్లే పగిలితే పాతది పెట్టుకునేవాడి గతేమిటని వాళ్ళూ అడగలేదు, నేనూ అడగలేదు. ఏ ఊళ్ళో ఏ మెకానిక్ ఆ ఎర్రర్ చూసి తల పట్టుకున్నాడో!

అందుకే "కంపెనీలు దోచుకుంటున్నాయి" అని మనవాళ్ళు ఊగిపోతుంటే నాకు నవ్వొస్తుంది. పాత పార్టుని తిరస్కరించేది ఎక్కడో కూర్చున్న ఎండీ కాదు. ఒక ఇఫ్ కండిషన్. దాన్ని టైపు చేసిన చెయ్యి మనది.

ఏడు కిలోల డ్రమ్ముకీ ఆరున్నర కిలోల డ్రమ్ముకీ ప్రోగ్రాం తేడా ఉండొద్దా అంటారు. ఉండాలి. ఆ ఎంపికని టెక్నీషియన్ మార్చుకోగలిగే సెట్టింగుగా ఇచ్చి, ఎలా మార్చాలో ఒక కాగితం మీద రాయడానికి ఏం ఖర్చవుతుంది? మనం రాసే ఏపీఐకి డాక్యుమెంటేషన్ లేకపోతే జూనియర్‌ని నిలబెట్టి కడిగేస్తాం కదా! ఇక "తెలీనివాళ్ళు విప్పితే షాక్ కొడుతుంది, అందుకే డయాగ్రమ్ ఇవ్వం" అనే వాదన. ఎలాగూ విప్పుతారండీ. డయాగ్రమ్ లేకుండా విప్పితేనే కదా ప్రమాదం ఎక్కువ!

ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. యూరప్‌లో 2021 మార్చి నుంచి అమ్మే వాషింగ్ మెషిన్లకి, ఆ మోడల్ అమ్మకం ఆగిన తర్వాత కూడా కనీసం పదేళ్ళు విడిభాగాలు దొరకాలి. మెకానిక్కులకి ఇవ్వాల్సిన జాబితాలో సర్క్యూట్ బోర్డులూ, రీసెట్ సాఫ్ట్‌వేరూ ఉన్నాయి. 2024లో వాళ్ళు తెచ్చిన మరమ్మతు డైరెక్టివ్‌లో ఇంకో మాటుంది: బయటి మెకానిక్కులు సెకండ్‌హ్యాండ్ భాగాలు వాడకుండా కంపెనీ అడ్డుపడకూడదు. దాన్ని అమలు చేయాల్సిన తేదీ 2026 జులై 31. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం 2024లోనే, నేను రాసిన ఆ నలభై లైన్ల లాంటి సీరియల్ నంబర్ల తాళాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. మన దగ్గర? 2022 జులైలో కమిటీ, అదే డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్, 2025 మేలో రిపేరబిలిటీ ఇండెక్స్ మీద ఇంకో కమిటీ రిపోర్టు. అదీ మొదట స్మార్ట్‌ఫోన్లకీ ట్యాబ్లెట్లకీ. పోర్టల్లో కస్టమర్ కేర్ నంబరు దొరుకుతుంది. మనకి కావలసింది బోర్డు.

మన ఊళ్ళో ఆటోనగర్ ఉంది. ఒక లారీ గేర్‌బాక్సు ఇంకో లారీకి ఎక్కించి దశాబ్దాలుగా బతుకుతున్న పేట అది. దాన్ని చూసి గర్వంగా చెప్పుకుంటాం. అదే పని బట్టలుతికే మెషిన్‌కి చేస్తే కక్కుర్తి అయిపోయింది!

మా బోర్డు సంగతి పూర్తి చేయాలి కదా. నాలుగో రోజు బందరు నుంచి సరిగ్గా మా మోడల్‌దే ఆర్టీసీ బస్సులో పార్సిల్ వచ్చింది. బోర్డు 1,100, మజూరీ 700, పార్సిల్‌తో కలిపి 1,900 లోపు. అమ్మ ఇవాళ్టికీ అందులోనే ఉతుకుతోంది. ఆ బందరు మెషిన్ తాలూకు డ్రెయిన్ మోటార్ రాజరాజేశ్వరిపేటలో ఎవరింటికో వెళ్ళిందట, మూత ఇంకెవరికో.

అన్నట్టు, ఆఫీసులో మావాణ్ణి సాయంత్రం విడిగా అడిగాను, అసలు ఏమైందిరా అని. నీళ్ళు బయటికి పోవట్లేదట. ఫిల్టర్లో చిల్లర నాణెం ఏదైనా ఇరుక్కుందేమోనని నా అనుమానం. ఆదివారం వస్తాను, ఒక స్క్రూడ్రైవర్ కొని ఉంచమన్నాను. ఈలోపు కొత్తది బుక్ చేసేశాడేమో తెలీదు.