పై అంతస్తు వాళ్ల మాట

వార్షికోత్సవానికి వచ్చే పెద్దలు వేదిక మీద నుంచి మాకు తప్పకుండా చెప్పే మాట ఒకటుంది: 'కరెంటు పొదుపు చేయండి' అని. కాదనం. గదిలో ఎవరూ లేకున్నా ఫ్యాను తిరుగుతుంటే అది మా తప్పే. బిల్లు సర్కారు కడుతుంది గదా అని మేమూ అనుకున్నవాళ్లమే. కానీ ఏప్రిల్ నెలలో మా హాస్టల్ పై అంతస్తులో ఒక్క రాత్రి పడుకుంటే ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. పగలంతా ఎండకు కాలిన స్లాబు రాత్రి పదకొండు దాటినా సెగ కక్కుతూనే ఉంటుంది. ఫ్యాను ఆ వేడి గాలినే తిప్పుతుంది. పరీక్షల రోజుల్లో పుస్తకం, చాప పట్టుకుని వరండాలోకో, మెట్ల మీదికో చేరడం సీనియర్ అన్నలకు కొత్త కాదు.

ఇదే హైదరాబాదులో హైటెక్ సిటీ వైపు వెళితే వరుసగా అద్దాల మేడలు. అద్దం ఎండను లోపలికి రానిస్తుంది, ఏసీ ఆ వేడిని వీధిలోకి నెడుతుంది, వీధి ఇంకా కాగుతుంది. మన దేశంలో 70 శాతానికి పైగా కరెంటు బొగ్గు మండించగా వచ్చేదే. ఒక్క యూనిట్‌కు సుమారు 700 గ్రాముల కార్బన్ డై ఆక్సైడ్ గాలిలో కలుస్తుంది. పొదుపు పాఠం ముందుగా ఎవరికి చెప్పాలి?

మా లెక్క కూడా చెబుతాం. పాత ఫ్యాను ఒక్కోటి సుమారు 75 వాట్లు. అలాంటివి 40 రోజుకు 12 గంటలు తిరిగితే 36 యూనిట్లు. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే పద్నాలుగున్నర యూనిట్లు చాలు. రోజుకు 15 కిలోల కార్బన్ డై ఆక్సైడ్ తగ్గినట్టే. (ఈ లెక్క చేసింది తొమ్మిదో తరగతి తమ్ముడు. మేం సరిచూశాం.)

అయితే ఫ్యాన్ల కంటే ముందు కప్పు సంగతి చూడాలి. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల మేర పైకప్పులను చల్లబరచాలని, అందులో 200 హైదరాబాద్‌లోనే ఉండాలని లక్ష్యం పెట్టుకుంది. పెద్ద విద్యేమీ కాదు. కప్పుకు తెల్ల పూత వేస్తే ఎండ చాలావరకు వెనక్కి మళ్లుతుంది. మన ఊళ్లలో పండక్కి గోడలకు కొట్టే సున్నమైనా పనిచేస్తుంది, కాకపోతే వానలకు పోతుంది, ఏటా మళ్లీ కొట్టాలి. మా పాత భవనం దాకా ఆ విధానం ఎప్పటికి వస్తుందో!

అందుకే పూర్వ విద్యార్థులైన అన్నలకు మా మనవి. ఈసారి శాలువాలు, షీల్డుల ఖర్చు తగ్గించి కూల్ రూఫ్ పెయింటు డబ్బాలు ఇప్పించండి. బ్రష్షులు మేం పడతాం. వార్డెన్ సారును అడిగి, ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున్నే మొదలుపెడతాం. నీళ్ల ట్యాంకు పక్కన స్లాబు బీటలు వారింది, ముందు అది పూడ్చాలి. ఆ పని తెలిసిన అన్న ఎవరైనా ఉంటే ఒక రోజు ముందే రండి.