గట్లు తెంచడంతో పని అయిపోదు
సూరత్ నుంచి రైల్లో ఢిల్లీ వైపు వెళ్తే కిమ్ అనే ఊరు వస్తుంది. ఆ పేరే ఉన్న నది పడమరగా సాగి ఖంభాత్ అఖాతంలో కలుస్తుంది. ఆ పడమటి ఓల్పాడ్ తాలూకా తీరంలో రొయ్యల చెరువులు ప్రభుత్వ భూముల్లోకి పాకాయన్న ఫిర్యాదు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. కొల్లేరు తెలిసినవాళ్లకు ఇది కొత్త కథ కాదు. అక్కడ 1999లో ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో పొక్లెయిన్లు దించి చేపల చెరువుల గట్లు తెంచారు. కొన్నేళ్లకే చాలాచోట్ల గట్లు మళ్లీ లేచాయి. చట్టానికి కొరతేం లేదు. తీర నియంత్రణ మండలంలోని రొయ్యల చెరువులను తొలగించాలని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. ఊరుమ్మడి భూముల ఆక్రమణలను ఖాళీ చేయించాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. లోపమల్లా తర్వాతి కాపలాలోనే. చెరువంటే మట్టిగట్టు ఒక్కటే కాదు: ఉప్పుటేరులోకి దించిన పైపు, నీటిని చిలికే ఏరియేటరు, దానికి స్తంభం నుంచి లాగిన కరెంటు తీగ కూడా. గట్టు రాత్రికి రాత్రే లేస్తుంది, కానీ కరెంటు సరఫరా ఆపితే రొయ్య బతకదు. కాబట్టి కలెక్టర్లు ముందుగా సర్వే నంబర్లవారీగా కరెంటు మీటర్ల లెక్క తీయాలి, హద్దురాళ్లు పాతించాలి, సర్కారు భూమి పటాన్ని పంచాయతీ గోడమీద గీయించాలి. ఖాళీ అయిన నేలలోకి పోటునీరు తిరిగి వచ్చేలా కాలువ తవ్వి, మడ మొక్కలు నాటే బాధ్యతను స్థానిక మత్స్యకారులకు కూలి ఇచ్చి అప్పగించాలి.