మూర్ఛవ్యాధియు స్వయంరక్షణ విద్యయు

కాకిసొమ్మ యనియు, ఫిట్సు అనియు మన ప్రాంతమున వ్యవహరింపబడు మూర్ఛవ్యాధి మెదడులోని విద్యుత్ప్రసారము కొంతసేపు క్రమము తప్పుటవలన కలుగును. అది గాలి సోకుటవలన కలుగునది కాదు. ఒకరినుండి యొకరికి అంటునదియు గాదు. ప్రపంచమున సుమారు 5 కోట్ల మందికి ఈ వ్యాధి కలదనియు, తగిన చికిత్స లభించినచో వారిలో నూటికి 70 మంది వరకు మూర్ఛలు లేకుండ జీవింపగలరనియు ప్రపంచ ఆరోగ్యసంస్థ తెలుపుచున్నది.

అయినను మాత్ర యొక్కటియే చాలదని మా యభిప్రాయము. వైద్యుడు రోగిని చూచునది నెలకో, రెండు నెలలకో కొన్ని నిమిషములు మాత్రమే. తక్కిన దినములన్నియు రోగియే తన్ను తాను కనిపెట్టుకొనవలయును. కావున ఎక్కములు నేర్పినట్లే ఈ విద్యను గూడ బిడ్డకు చిన్ననాటనే నేర్పవలయును.

మొదటి పాఠము వేళకు మందు. మూర్ఛలు తగ్గినవని వైద్యుని యడుగక మాత్రలు మానుట మిక్కిలి ప్రమాదకరము. అట్లు మానినచో మూర్ఛలు వెంటవెంటనే రావచ్చును. ఎల్లారెడ్డి చుట్టుపట్ల పల్లెలనుండి కామారెడ్డికి పోయి మందు తెచ్చుకొనువారు వారమునకు సరిపడు మాత్రలు మిగిలియుండగనే బయలుదేరుట మేలు. రెండవది నోటుపుస్తకము. మూర్ఛ వచ్చిన తేది, వేళ, ఎన్ని నిమిషములున్నది, ముందురాత్రి నిద్ర యెట్లున్నది, మాత్ర వేసికొన్నదియు లేనిదియు అందు వ్రాయవలయును. మందు మోతాదు నిర్ణయించుటకు వైద్యునికి ఆ పుట యెంతయో తోడ్పడును. మూడవది నిద్ర. పెండ్లిండ్లలోను, జాతరలలోను, పరీక్షల ముందును రాత్రులు మేల్కొనరాదు. నాలుగవది నీటికిని నిప్పునకును జాగ్రత్త. బావిలోగాని, చెరువులోగాని, మంజీరలోగాని ఒంటరిగా దిగరాదు.

కొందరు తలిదండ్రులు, "బిడ్డకు తెలిసిన భయపడును, ఊరికి తెలిసిన పెండ్లి కాదు" అందురు. ఆ బాధ మేమెరుగనిది కాదు. కాని దాచిపెట్టి పెండ్లిచేసిన పిల్ల అత్తవారింట మాత్రలు దాచుకొని మ్రింగవలసివచ్చును. ఏదో యొకనాడు అది తప్పును. ఆనాడు దాచినది బయటపడక మానదు. హిందూ వివాహచట్టమునుండియు, ప్రత్యేక వివాహచట్టమునుండియు మూర్ఛవ్యాధి యను ఆటంకమును 1999లో తొలగించిరి. చట్టము విడిచిన భయమును మనమేల పట్టుకొని యుండవలయును?

విద్యార్థులారా, మీ తోటివాడు మూర్ఛతో పడినచో చేతిలో తాళపుచెవులు పెట్టకుడు, ఉల్లిగడ్డ వాసన చూపకుడు, నోటిలో చెంచా దూర్చకుడు, కాలుసేతులు అదిమిపట్టకుడు. తలక్రింద మెత్తనిది పెట్టి, ప్రక్కకు ఒత్తిగిల్లజేసి, గడియారము చూడుడు. అయిదు నిమిషములు దాటినచో 108కి ఫోను చేయింపుడు. తెలివి బాగుగ వచ్చువరకు నీరు త్రాగింపకుడు. లేచినపిమ్మట నవ్వకుడు.

ఎంత శ్రద్ధ వహించినను కొందరికి మూర్ఛలు వచ్చుచునే యుండును. అది వారి దోషము కాదు. అట్టి బిడ్డను ఇంట కూర్చుండబెట్టుట రక్షణయు గాదు. బిడ్డకిష్టమైనచో ఒక ఉపాధ్యాయునికిని, ఇద్దరు స్నేహితులకును సంగతి తెలిపి, నోటుపుస్తకమును సంచిలోనుంచి, బడికి పంపుడని తలిదండ్రులను వేడుచున్నాము.