యాన్యువల్ డే వీడియో అందరి ఫోనులోనూ తెరుచుకోవాలి



యాన్యువల్ డే రిహార్సల్స్ మొదలయ్యాయి. స్టేజీ మీద ఒక్కో క్లాసు పిల్లలు కనిపించేది ఐదు, పది నిమిషాలు. ఆ తర్వాత వారం రోజులు క్లాసు గ్రూపుల్లో నడిచేది వీడియోల గొడవే. “మేడమ్, ఓపెన్ కావడం లేదు.” “డౌన్‌లోడ్ నొక్కితే స్పేస్ లేదంటోంది.” “మా పాప ఎక్కడుందో తెలియడం లేదు, అంతా మసగ్గా ఉంది.” “ఎవరైనా క్లియర్‌గా ఉన్నది పెట్టండి ప్లీజ్.” ఏ సెక్షన్ గ్రూపు తెరిచినా ఇవే మెసేజ్‌లు. కొందరు రెండు మూడు సార్లు అడిగి, ఇక అడగడం మానేస్తారు. అలా మానేసిన వాళ్ళ కోసమే ఈ నాలుగు మాటలు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. గ్రూపులో వీడియో పెట్టే ముందు, ఆ గ్రూపులో అందరికంటే చిన్న ఫోను ఎవరి దగ్గరుందో ఒకసారి గుర్తు చేసుకోండి. ఆ ఫోనులో తెరుచుకుంటే అందరి ఫోనులోనూ తెరుచుకుంటుంది.

వీడియో ఎవరికి కావాలి?

హాల్లో ముందు వరసలో కూర్చుని చూసిన వాళ్ళకు వీడియో ఒక జ్ఞాపకం. రాలేకపోయిన వాళ్ళకు యాన్యువల్ డే అంటే ఆ వీడియోనే. మన సత్యవేడులో అలాంటి వాళ్ళు తక్కువేమీ లేరు. శ్రీసిటీ కంపెనీల్లో షిఫ్టులకు వెళ్ళే అమ్మానాన్నలు ఉన్నారు. రెండో షిఫ్టు పడిన వారం సాయంత్రం ఫంక్షన్‌కు రావడం వాళ్ళ చేతుల్లో లేదు. గుమ్మిడిపూండికీ, చెన్నైకీ పనికి పోయి రాత్రికి గానీ ఇల్లు చేరని వాళ్ళున్నారు. నాగలాపురం వైపు, వరదయ్యపాళెం వైపు పల్లెల్లో మనవరాలి డాన్సు చూడాలని ఎదురుచూసే అవ్వాతాతలున్నారు.

ఇలాంటి ఇళ్ళల్లో చాలా చోట్ల స్మార్ట్‌ఫోను ఒకటే. అది కొని నాలుగైదేళ్ళు అయి ఉంటుంది. దాని స్టోరేజీ 32 జీబీ అనుకుంటే, అందులో పెద్ద భాగం ఫోను సాఫ్ట్‌వేరుకూ యాప్‌లకే సరిపోతుంది. డేటా ప్యాకు రోజుకు 1.5 జీబీ. ఆ ఫోనులోనే బిడ్డ హోంవర్కు మెసేజ్ రావాలి, నాన్న డ్యూటీ మెసేజ్ రావాలి, అమ్మ డబ్బులు పంపాలి. ఇంటికి వచ్చిన అమ్మను బిడ్డ అడిగే మొదటి మాట “నేను చేసింది చూసినావా?” అనే కదా. “ఫోనులో రాలేదమ్మా” అని చెప్పాల్సి రావడం ఆ తల్లికి ఎంత కష్టంగా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

తయారీ పక్కపక్కనే, దారులు వేరు

ఇందులో ఒక విచిత్రం ఉంది. శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో 2015లో షావోమీ ఫోన్ల తయారీ మొదలైంది. ఆ ఏడాది ఆగస్టులో విశాఖపట్నంలో విడుదల చేసిన రెడ్‌మీ 2 ప్రైమ్ ఇక్కడ బిగించిన ఫోనే. అదే ఫాక్స్‌కాన్ తమిళనాడులోని శ్రీపెరుంబుదూరులో ఐఫోన్లు బిగిస్తోంది. రెండూ మనకు బస్సు దూరంలోనే ఉన్నాయి. అయినా ఆ రెండు రకాల ఫోన్ల మధ్య ఐదు నిమిషాల వీడియో నేరుగా పంపబోతే తల ప్రాణం తోకకు వస్తుంది. ఐఫోన్‌కు యాపిల్ సాఫ్ట్‌వేరు, మిగతా వాటికి గూగుల్ ఆండ్రాయిడ్. ఎవరి పద్ధతి వాళ్ళది.

ఒకప్పుడు సెల్ షాపులో మెమరీ కార్డు ఇస్తే పాటలు, సినిమాలు ఎక్కించి ఇచ్చేవాళ్ళు. తర్వాత షేర్‌ఇట్, జెండర్ యాప్‌లు వచ్చాయి. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో ఆ రెండూ ఉన్నాయి. ఇప్పటికీ ఎవరైనా వాటి ఫైలు పంపి ఇన్‌స్టాల్ చేసుకోమంటే చేసుకోకండి.

ఐఫోన్ నుంచి ఐఫోన్‌కు 2013 నుంచే ఎయిర్‌డ్రాప్ ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్ల కోసం గూగుల్ 2020లో నియర్‌బై షేర్ తెచ్చింది. 2024లో దాన్ని శాంసంగ్ క్విక్ షేర్‌తో కలిపి, క్విక్ షేర్ అనే పేరే ఉంచారు. ఈ రెండూ నెట్ ఖర్చు లేకుండా నిమిషాల్లో పెద్ద వీడియో పంపుతాయి, కానీ ఎవరి వర్గంలో వాళ్ళకే. క్విక్ షేర్‌కూ ఎయిర్‌డ్రాప్‌కూ మధ్య దారి తెరిచామని గూగుల్ 2025 నవంబరులో ప్రకటించింది. అది మొదట పిక్సెల్ 10 ఫోన్లకే వచ్చింది. మన ఇళ్ళల్లోని పాత ఫోన్లు దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోలేవు. ఇక బ్లూటూత్ ద్వారా ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కు వీడియో అసలు వెళ్ళదు.

లెక్క చూద్దాం

ఐఫోన్ సెట్టింగ్స్‌లోనే ఈ లెక్క రాసి ఉంటుంది. 1080పి, సెకనుకు 30 ఫ్రేములతో తీస్తే నిమిషానికి సుమారు 60 ఎంబీ. అదే 4కె అయితే 170 ఎంబీ. 4కె, 60 ఫ్రేములు పెడితే 400 ఎంబీ. అంటే ఐదు నిమిషాల డాన్సు మొదటి పద్ధతిలో 300 ఎంబీ, రెండో దానిలో 850 ఎంబీ, మూడో దానిలో 2 జీబీ. ఆరు చిన్న కార్యక్రమాల వీడియోలు 300 ఎంబీ చొప్పున గ్రూపులో పడితే 1.8 జీబీ. 1.5 జీబీ ప్యాకు ఉన్న ఇంట్లో ఆ రోజు డేటా అయిపోయినట్టే, ఇంకా ఒక వీడియో మిగిలే ఉంటుంది.

వాట్సాప్‌లో మామూలుగా వీడియో పంపితే అది దాన్ని బాగా కుదించి పంపుతుంది. అందుకే వెనక వరసలో ఉన్న పాప మొహం మసకబారుతుంది. 2023లో వచ్చిన హెచ్‌డీ గుర్తు నొక్కితే కాస్త మెరుగే, కానీ అప్పుడూ అసలు వీడియో యథాతథంగా వెళ్ళదు. డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. 2022లో ఆ పరిమితిని 2 జీబీకి పెంచారు. అయితే ఉన్నది ఉన్నట్టు వెళ్ళడమంటే, ఆ 850 ఎంబీ మొత్తం అవతలి వాళ్ళ ఫోనులో దిగాలి. పంపిన వాళ్ళకు రెండు టిక్కులు కనిపిస్తాయి. అందుకున్న వాళ్ళకు “స్టోరేజ్ ఫుల్” అని కనిపిస్తుంది.

ఇంకో చిక్కు, ఐఫోన్ వీడియో రకం. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్లు హెచ్‌ఈవీసీ అనే పద్ధతిలో వీడియోను దాస్తున్నాయి. చోటు తక్కువ పడుతుంది. కానీ కొన్ని పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో మాట వినపడుతుంది, బొమ్మ రాదు. సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్ తెరిచి “మోస్ట్ కంపాటిబుల్” ఎంచుకుంటే ఆ ఇబ్బంది తప్పుతుంది. బదులుగా 1080పి వీడియో నిమిషానికి 60 ఎంబీ కాకుండా 130 ఎంబీ అవుతుంది. అందుకే ఒక్క సెట్టింగ్ మార్చి ఊరుకుంటే చాలదు. పంపే పద్ధతీ మారాలి.

మనం చేయగలిగినవి

తీసేటప్పుడు 1080పి, 30 ఫ్రేములు చాలు. ఫోనులో చూడటానికి 4కె అవసరం లేదు. మొత్తం ప్రోగ్రాం ఒకే ఫైలుగా తీయకుండా, ఒక్కో డాన్సు ఒక్కో క్లిప్‌గా తీయండి. అరగంట ప్రోగ్రాం 4కెలో తీస్తే 5 జీబీ దాటుతుంది. అది వాట్సాప్‌లో డాక్యుమెంటుగా కూడా పోదు.

పెద్ద వీడియో గ్రూపులో వేయకండి, లింకు వేయండి. గూగుల్ ఫొటోస్‌లో ఆల్బమ్ చేసి పంపవచ్చు, గూగుల్ డ్రైవ్‌లోనైనా పెట్టవచ్చు. రెండూ ఐఫోన్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ తెరుచుకుంటాయి. కావలసిన వాళ్ళు నెట్ ఉన్నప్పుడు చూసుకుంటారు, ఎవరి ఫోనూ నిండదు. ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే మీ జీమెయిల్, ఫొటోలు, డ్రైవ్ అన్నీ ఉండాలి కాబట్టి ముందు ఖాళీ చూసుకోండి. డ్రైవ్ లింకు పెట్టేటప్పుడు అనుమతి ఇవ్వడం మరిచిపోతే, అందరికీ పర్మిషన్ అడిగే పేజీ వస్తుంది. గ్రూపులో వేసే ముందు ఇంట్లో ఇంకొకరి ఫోనులో నొక్కి చూడండి. ఐఫోన్‌లో ఐక్లౌడ్ ఫొటోస్ వాడేవాళ్ళు “కాపీ ఐక్లౌడ్ లింక్” కూడా పంపవచ్చు. అది ఆండ్రాయిడ్ ఫోను బ్రౌజర్‌లోనూ తెరుచుకుంటుంది, 30 రోజులు పనిచేస్తుంది.

లింకు కూడా చూడలేని వాళ్ళుంటారు. వాళ్ళ బిడ్డ కనిపించే అర నిమిషం ముక్క ట్రిమ్ చేసి, వాట్సాప్‌లో విడిగా పంపండి. త్వరగా వెళ్తుంది, చిన్న ఫోనూ మోస్తుంది. రెండు నిమిషాల పని. అడగడం మానేసిన ఇంటికి అదే పెద్ద కానుక.

అసలు వీడియో దాచుకోవాలనుకునే వాళ్ళకు టైప్-సి పెన్ డ్రైవ్ మంచిది. 2023లో వచ్చిన ఐఫోన్ 15 నుంచి ఐఫోన్లకూ టైప్-సి పోర్టే కాబట్టి, ఒకే పెన్ డ్రైవ్ రెండు రకాల ఫోన్లకూ పెట్టుకోవచ్చు.

“అంత డబ్బు పెట్టి ఫోను కొన్నది మంచి వీడియో కోసమే కదా మేడమ్” అని మీరు అనవచ్చు. నిజమే. మీ ఫోనులో 4కె వీడియో ఉంచుకోండి, ఎవరూ వద్దనరు. నలభై ఇళ్ళకు పంపేటప్పుడు మాత్రం నలభై ఇళ్ళ లెక్క వేసుకోవాలి. పది మందికి భోజనం పెట్టేటప్పుడు మన నాలుకకు నచ్చినంత కారం వేయం కదా.

మిగతా పిల్లలూ ఆ వీడియోలో ఉన్నారు

మీ అమ్మాయి డాన్సు వీడియోలో ఇంకో పదిహేను మంది పిల్లలుంటారు. లింకు ఎవరికైనా తెరుచుకునేలా పెడితే అది ఎంత దూరమైనా పోవచ్చు. కాబట్టి లింకు క్లాసు గ్రూపు దాటనివ్వకండి. నెల తర్వాత తీసేయండి. స్టేటస్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాలనుకుంటే మీ బిడ్డ ఒక్కరే కనిపించే ముక్క పెట్టండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. వాళ్ళ వివరాలు వాడే సంస్థలు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలంటుంది. ఇంట్లో సొంతానికి వాడుకునే వాటికి ఆ చట్టం వర్తించదు. అయినా ఎదుటి వాళ్ళ బిడ్డ విషయంలో మనకు ఆ మాత్రం మర్యాద ఉండాలి.

స్కూలు వైపు నుంచి

భారమంతా తల్లిదండ్రుల మీద వేయడం న్యాయం కాదు. అందుకే మన మేనేజ్‌మెంట్‌కు ఈ పత్రిక ద్వారానే మూడు విన్నపాలు చేస్తున్నాను. ఒకటి, ఫంక్షన్ అయిన రెండు రోజుల్లో ప్రతి క్లాసుకూ ఒకే లింకు, పెద్ద సైజూ చిన్న సైజూ రెండూ ఉండేలా స్కూలే ఇవ్వాలి. రెండు, తర్వాత వచ్చే పేరెంట్స్ మీటింగ్ రోజు క్లాసులోని డిజిటల్ బోర్డు మీద ఆ వీడియో వేయాలి. ఫోను లేని అవ్వ కూడా వచ్చి పెద్ద తెర మీద చూస్తుంది. మూడు, ఇంగ్లీష్ స్పీకింగ్, రైమ్స్ లాంటి వాటికి ఇంటి నుంచి వీడియో అడగడం తగ్గించాలి. పిల్లల ఉచ్చారణ వినడానికి వాయిస్ మెసేజ్ సరిపోతుంది. ఒక నిమిషం వాయిస్ మెసేజ్ ఒక ఎంబీ కూడా ఉండదు, ఏ ఫోను నుంచైనా వెళ్తుంది. వీడియో పంపలేదని ఏ బిడ్డా క్లాసులో తల వంచుకుని నిలబడకూడదు.

మీకు ఒక చిన్న పని. యాన్యువల్ డేకు ముందే మీ క్లాస్ టీచర్‌కు ఒక మెసేజ్ పెట్టండి. మీ ఇంట్లో వీడియో చూసే ఫోను ఏది, పెద్ద ఫైలు దిగుతుందా, చిన్న క్లిప్ కావాలా అన్నది రాస్తే చాలు. చెప్పడానికి మొహమాటపడే ఇల్లు మీ పక్కనే ఉంటే, వాళ్ళ తరఫున కూడా మీరే చెప్పండి.